ఒప్పుకున్నట్టు రికార్డుంది

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే మా వీధి వదిన బ్యాంకు పాసుపుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. కుట్టుమిషను మీద ఇల్లు నడిపే మనిషి. ఎవరి జాకెట్టుకి కూలి ఎంత వచ్చిందో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో రూపాయితో సహా చెప్పగలదు. "వదినా, దీంట్లోంచి నెలనెలా నూట తొంభై తొమ్మిది రూపాయలు పోతన్నాయి. పదకొండు నెలలనించీ పోతన్నాయి. ఎవరికి పోతన్నాయో చూసి చెప్పు" అంది. చూశాను. ఆ పద్దుల పక్కన ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిపోయి చీమలబారులా ఉన్నాయి. నాకూ ఏమీ అర్థం కాలేదు.

ఇద్దరం కలిసి బ్యాంకుకి వెళ్ళాం. కౌంటరు దగ్గరున్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "ఇది ఆటోపే అండీ. మీ ఫోన్లోంచి మీరే ఒప్పుకున్నారు, పిన్ను కొట్టారు. ఒప్పుకున్నట్టు రికార్డుంది" అన్నాడు. "నేనా?" అంది వదిన. "మీరే" అన్నాడతను. ఆ రికార్డు ఆమెకి చూపించలేదు. ఉందని చెప్పాడంతే. మొత్తం 2189 రూపాయలు. పదిహేను ఇరవై జాకెట్ల కూలి.

దారిలో వదిన ఒక్క మాటే పదే పదే అంటూ వచ్చింది. "దొంగతనం జరిగిందంటే ఏడుస్తాను, నేనే ఇచ్చానంటే ఎట్టా వదినా?" ఆ పిన్ను నెంబరు వాళ్ళింట్లో నలుగురికి తెలుసు. మొగుడికి, కొడుక్కి, కోడలికి, ఆఖర్న వదినకి. ఫోను ఎక్కువసేపు ఉండేది కొడుకు దగ్గర.

సరిగ్గా అదే నెలలో మా సంస్థ కార్యాలయంలో ఒక చర్చ జరిగింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటూ సెలవు రోజుల్లో మాకు సాయంగా వచ్చే ఒక చెల్లెలు, ఇకముందు మనుషుల బదులు కంప్యూటరు ప్రోగ్రాములే వస్తువులు వెతికి, బేరం చూసి, డబ్బు కట్టేస్తాయని చెప్పింది. వాటినే ఎ.ఐ. ఏజెంట్లు అంటున్నారట. అవి కట్టిన ప్రతి పైసాకీ బ్లాక్‌చెయిన్ మీద లెక్క ఉంటుందనీ, ఆ లెక్కని ఎవరూ చెరపలేరనీ, ఎవరూ కాదనలేరనీ చాలా ఉత్సాహంగా చెప్పింది. "ఎవరూ కాదనలేరంటే మా వదిన కూడా కాదనలేదన్నమాటేగా?" అని నేనడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "అవునక్కా, ఆమె కూడా కాదనలేదు" అంది. ఈ వ్యాసం అక్కడినించి పుట్టింది.

నేను కంప్యూటరు చదువు చదివినదాన్ని కాదు. 1994 నించి దాదాపు పద్నాలుగేళ్ళు పొదుపు సంఘాల పుస్తకాలు రాశాను. నగదు పుస్తకం, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు, తీర్మానాల పుస్తకం. అంచేత లెక్క అనేదానికి ఎంత బలముందో, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట ఎలా చెల్లుతుందో నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. ఈ కొత్త సంగతిని కూడా ఆ అనుభవంలోంచే చూస్తున్నాను.

ముందు అసలు జరుగుతున్నదేమిటో చెప్పుకుందాం. ఏజెంటు అంటే మనకి బీమా ఏజెంటు తెలుసు, చీటీల ఏజెంటు తెలుసు. మన తరఫున ఒక పని చక్కబెట్టే మనిషి. ఇప్పుడా స్థానంలో యంత్రం వస్తోంది. "నెలకి సరిపడా సరుకులు రెండు వేలు దాటకుండా తెప్పించు" అని చెబితే అది వెతుకుతుంది, పోలుస్తుంది, కొంటుంది, కడుతుంది. అది పని చేసే క్రమంలో ఇంకో యంత్రాన్ని సమాచారం అడగొచ్చు, దానికీ డబ్బు కట్టొచ్చు. ఈ చెల్లింపులు ఒక్కోసారి పైసల్లో ఉంటాయి, గంటకి వేలసార్లు జరుగుతాయి. యంత్రం బ్యాంకుకెళ్ళి ఆధార్ చూపించి ఖాతా తెరవలేదు గదా. కార్డు కంపెనీలు ఒక్కో చెల్లింపుకి తీసుకునే రుసుము ముందు ఆ పైసలు ఏ మూలకీ రావు. అందుకని కంపెనీలు బ్లాక్‌చెయిన్ వైపు చూస్తున్నాయి.

1990లలో వెబ్ నియమాలు రాసినవాళ్ళు 402 అనే ఒక సంకేతాన్ని "డబ్బు కట్టాలి" అనే అర్థంతో పెట్టి, ముందు ముందు పనికొస్తుందని ఖాళీగా అట్టే పెట్టారు. పాతికేళ్ళకి పైగా అది అలాగే పడుంది. 2025 మేలో కాయిన్‌బేస్ అనే అమెరికా కంపెనీ దాన్ని దుమ్ము దులిపి ఎక్స్402 అనే పద్ధతి తెచ్చింది. యంత్రం ఒక సమాచారం అడిగితే అవతలి యంత్రం "402, ఇంత కట్టు" అంటుంది, ఇది డాలరుతో సమానంగా ఉంచిన యుఎస్‌డిసి లాంటి నాణెంలో బ్లాక్‌చెయిన్ మీద కట్టేస్తుంది, సమాచారం వచ్చేస్తుంది. మధ్యలో మనిషి లేడు. అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ ఎ.పి.2 అనే ఇంకో పద్ధతి ప్రకటించింది. అందులో వాడుకరి ఏం కోరిందీ, ఏ సరుకుల బుట్టకి ఒప్పుకుందీ, ఆ చెల్లింపులో యంత్రం పాత్ర ఉందనే సంగతీ, ఇవన్నీ అంకెల సంతకంతో అధికారపత్రాలుగా ఉండాలన్నారు. అక్టోబరులో మన దేశంలోనూ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, రేజర్‌పే, ఓపెన్ఎఐ కలిసి చాట్‌జిపిటితో మాట్లాడుతూనే కొనుక్కుని యుపిఐతో కట్టే ప్రయోగం మొదలుపెట్టాయి. దానిలో బ్లాక్‌చెయిన్ లేదు. కానీ మన తరఫున యంత్రం కట్టటం అనే ప్రశ్న మటుకు మన గడప దాకా వచ్చేసింది. మా వదిన ఆటోపే కూడా ఈ జాతిదే. యుపిఐలో అది 2020లో వచ్చింది. ఒకసారి ఒప్పుకుంటే చాలు, ఆ తర్వాత మనల్ని అడక్కుండా యంత్రమే తీసుకుంటుంది. ఏజెంటు దానికన్నా ఎన్నో మెట్లు పైది.

ఇక బ్లాక్‌చెయిన్. దీన్ని చాలామంది మంత్రంలా చెబుతారు గానీ నగదు పుస్తకం రాసినవాళ్ళకి ఇది కష్టం కాదు. పేజీ చివర నిల్వ వేస్తాం, ఆ నిల్వని తర్వాతి పేజీ పైన "తెచ్చినది" అని రాసి మొదలుపెడతాం. ఎవరైనా వెనక పేజీలో ఒక అంకె దిద్దితే ముందు పేజీలన్నిటిలో నిల్వలు తప్పుతాయి. బ్లాక్‌చెయిన్‌లో ప్రతి పేజీ పైనా కిందటి పేజీ మొత్తానికి తీసిన వేలిముద్ర లాంటి ఒక పొడుగాటి అంకె ఉంటుంది. వెనక ఒక్క అక్షరం మార్చినా ఆ వేలిముద్ర మారిపోతుంది. పైగా ఆ పుస్తకం ఒక్క లీడరు ఇంట్లో ఉండదు. వేల కంప్యూటర్లలో నకళ్ళుంటాయి. బిట్‌కాయిన్ 2009 నించి ఇలాగే నడుస్తోంది. మా సంఘంలో ఒక లీడరు పుస్తకాన్ని ఇంట్లో పెట్టుకుని రెండు పేజీలు చింపేసిన రోజున ఇలాంటిది ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది నాకు. అప్పుడు పదిహేనుమంది సభ్యుల పాసుపుస్తకాలు పోగేసి, వారం రోజులు కూచుని లెక్క తిరగ రాశాం.

కాబట్టి చెరపలేని లెక్క అంటే నాకు చిన్నచూపు లేదు. పేదల హక్కుల పోరాటాల్లో సగం లెక్కల కోసం జరిగినవే. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లో పుట్టింది. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్‌కిరానాలో మొదటి జన్‌సున్‌వాయీ పెట్టి, మస్టరు రోళ్ళు జనం ముందు బిగ్గరగా చదివారు. పని చెయ్యనివాళ్ళ పేర్లు, కట్టని కట్టడాల బిల్లులు బయటికొచ్చాయి. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. "హమారా పైసా, హమారా హిసాబ్" అన్న నినాదం అక్కడిదే. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చిందంటే దాని వేళ్ళు ఆ ఊళ్ళలో ఉన్నాయి. ఆ సభల్లో లేచి నిలబడి "ఈ వేలిముద్ర నాది కాదు" అన్నవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఆ మస్టరు రోళ్ళని ఎవరూ చెరపలేదు. అవి చక్కగా, కొట్టివేతలు లేకుండా, సంతకాలతో సహా ఉన్నాయి. వాటిలో ఉన్నది అబద్ధం, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2006 నించి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. నేనూ కొన్ని ఊళ్ళకి వెళ్ళాను. మన రాష్ట్రంలో మొదటినించీ మస్టర్లూ, కూలి చెల్లింపులూ కంప్యూటర్లోనే ఉండేవి. ఏ ఊరి జాబితా అయినా అచ్చు తీసుకోవచ్చు. అయినా జాబితా పట్టుకుని గడపగడపకీ వెళ్ళి చదివితే గానీ నిజం తెలిసేది కాదు. "ఫలానా ఆమెకి ఆరు రోజుల కూలి" అని చదివితే, "ఆమె చచ్చిపోయి రెండేళ్ళయింది" అని పక్కింటామె చెప్పేది. ఆ జాబితాని అప్పుడే బ్లాక్‌చెయిన్ మీద పెట్టి ఉంటే, ఆ చనిపోయినామె ఆరు రోజులూ మట్టి మోసినట్టు శాశ్వతంగా, వేల కంప్యూటర్లలో నమోదై ఉండేది. రాసింది మారలేదని చెప్పటమే బ్లాక్‌చెయిన్‌కి వచ్చిన విద్య. రాసింది నిజమా అని అది ఎప్పుడూ అడగదు. ఆ అడిగే పని మనుషులు, అందునా ఊళ్ళో ఆడవాళ్ళు చేశారు.

ఏజెంట్ల చెల్లింపుల్లో ఈ ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. డబ్బు ఫలానా చిరునామా నించి ఫలానా చిరునామాకి, ఫలానా క్షణంలో వెళ్ళింది అన్నంత వరకూ రికార్డు పక్కాగా ఉంటుంది. కానీ ఆ యంత్రాన్ని పనికి పురమాయించింది ఎవరు? ఎంతవరకు ఖర్చు పెట్టమన్నారు? చెప్పింది దానికి సరిగ్గా అర్థమైందా? అవతల వచ్చిన సరుకు మంచిదేనా? వీటిలో ఏదీ ఆ పద్దులో లేదు. గూగుల్ వాళ్ళ అధికారపత్రాల ఆలోచన ఈ లోటు పూడ్చటానికే వచ్చింది, ఆ మేరకు మంచిదే. అయితే ఆ అధికారపత్రం మీద పడేది ఒక ఫోను సంతకం. ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో అది చెప్పలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న స్త్రీలు 78.6 శాతం. తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవాళ్ళు 53.9 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాలోనే మా వదిన ఉంది. ఖాతా ఆమెది, ఫోను ఇంటిది. ఇంటిది అంటే ఎవరిదో మనకి వేరే చెప్పుకోనక్కర్లేదు.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 11వ సెక్షన్‌లో ఒక ఎలక్ట్రానిక్ రికార్డు ఎవరిదిగా లెక్కించాలో రాశారు. మనిషి స్వయంగా పంపినా, ఆమె తరఫున అధికారం ఉన్నవాళ్ళు పంపినా, తనంత తాను నడిచేలా ఆమె గానీ ఆమె తరఫున గానీ ఏర్పాటు చేసిన కంప్యూటరు పంపినా, అది ఆమె పంపినట్టే. ఏజెంటు అనే మాట ఎవరూ ఎరగనప్పుడే, యంత్రం చేసింది నువ్వు చేసినట్టేనని చట్టం తేల్చేసింది. వ్యాపారస్తుల మధ్య వ్యవహారాలకి అది సబబే కావచ్చు. ఆర్డరు పంపేసి "నా కంప్యూటరు పంపింది, నేను కాదు" అని తప్పించుకోకుండా ఉండటానికి పెట్టారు. వదిన లాంటి మనిషి మీద అది ఎలా పడుతుందన్నదే నా బాధ.

2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఒక మంచి ఆదేశం ఇచ్చింది. అనుమతి లేని ఎలక్ట్రానిక్ చెల్లింపు జరిగితే, తప్పు మూడోవాళ్ళదైతే, మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకి నష్టం లేదంది. తప్పు ఖాతాదారుదే అని రుజువు చెయ్యాల్సిన భారం బ్యాంకు మీదే పెట్టింది. ఆడవాళ్ళకి, చదువురానివాళ్ళకి ఎంతో ఆసరా ఇచ్చిన వాక్యమది. కానీ అదే ఆదేశంలో, పిన్ను లాంటివి ఇతరులకి చెప్పటం ఖాతాదారు నిర్లక్ష్యం, అప్పుడు ఫిర్యాదు చేసేదాకా పోయిన నష్టమంతా ఆమెదే అని కూడా ఉంది. ఇల్లు అనే చోట పిన్ను చెప్పకపోవటం ఎంత పెద్ద గొడవో ఆ ఆదేశం రాసినవాళ్ళకి తట్టినట్టు లేదు. మొగుడు అడిగితే పిన్ను చెప్పని ఆడది "ఏం దాస్తున్నావ్?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. చెబితే నిర్లక్ష్యం, చెప్పకపోతే అనుమానం.

ఇప్పుడు దీనికి చెరపలేని రికార్డు తోడైందనుకోండి. బ్యాంకు మీద ఉన్న రుజువు భారం ఒక్క క్షణంలో తీరిపోతుంది. "ఇదిగో ఆమె అధికారపత్రం, ఇదిగో సంతకం, ఇదిగో బ్లాక్‌చెయిన్ మీద వేలిముద్ర" అంటారు. ఆ తర్వాత రుజువు చేసుకోవాల్సింది ఆమె. దేనితో చేసుకుంటుంది? 2024 జూలై నించి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం కావాలి, దాంట్లో ఆ వేలిముద్ర అంకె రాయాలి, నిపుణుడి సంతకం ఉండాలి. కంపెనీకి నిపుణుడు జీతం మీద ఉంటాడు. జాకెట్టు కుట్టే ఆమె నిపుణుణ్ణి ఎక్కడ్నించి తెస్తుంది?

లెక్క ఎవరూ మార్చలేరన్న మాట కూడా ఎంత నిజమో కాస్త చూడాలి. 2016 జూన్‌లో ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద డి.ఎ.ఒ. అనే ఉమ్మడి పెట్టుబడి నిధి నడిచేది. ప్రోగ్రాములో ఉన్న ఒక లొసుగు పట్టుకుని ఎవరో 36 లక్షల ఈథర్లు దారి మళ్ళించారు. నియమం ప్రకారం చూస్తే రాసింది రాసినట్టే జరిగింది. కానీ పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది, మొత్తం చాలా పెద్దది. జూలైలో ఆ నెట్‌వర్కు నడిపేవాళ్ళలో ఎక్కువమంది కలిసి పుస్తకాన్ని ఇంకో దారి పట్టించి ఆ డబ్బు వెనక్కి ఇప్పించారు. ఒప్పుకోనివాళ్ళు పాత పుస్తకమే పట్టుకుని ఇథీరియం క్లాసిక్ అని పేరు పెట్టుకుని విడిపోయారు. దాన్ని తప్పు అనటం లేదు. మోసపోయినవాళ్ళకి డబ్బు వెనక్కి రావలసిందే. కానీ చెరపలేని లెక్కని కూడా తగినంత బలమున్నవాళ్ళు అడిగితే మళ్ళించవచ్చని అప్పుడు తేలింది. 2189 రూపాయల కోసం ఎవరూ పుస్తకం దారి మళ్ళించరు.

మా చెల్లెలికి ఇవన్నీ చెప్పాను. ఆమె తెలివైనది, వెంటనే ఒప్పుకునే రకం కాదు. "అక్కా, పాత పద్దు కొట్టెయ్యక్కర్లేదు. మీ పుస్తకాల్లో తప్పు పడితే ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది. ఎర్ర సిరాతో కొట్టకుండా, కింద ఎదురు పద్దు వేసి, కారణం రాసి, ఇద్దరితో సంతకం పెట్టించేవాళ్ళం. "బ్లాక్‌చెయిన్ మీద కూడా అదే చెయ్యొచ్చు" అంది. నిజమే, చెయ్యొచ్చు. కానీ మా పుస్తకంలో ఎదురు పద్దు వెయ్యాలని సంఘం మీటింగులో తీర్మానం చేసేది. తప్పు పడిందని ఒక సభ్యురాలు లేచి చెబితే మిగతా పద్నాలుగు మందీ వినాల్సి వచ్చేది. ఇక్కడ ఆ మీటింగు ఎక్కడ జరుగుతుంది? వదిన ఎవరి ముందు లేచి చెబుతుంది? సాంకేతికం తెలిసినవాళ్ళు ఈ ప్రశ్నని తమది కాదని పక్కన పెడుతున్నారు. మనకి కావలసింది మాత్రం అదే.

ఇంకో భయం కూడా ఉంది, దీని గురించి మన ఉద్యమంలో సరిపడా మాట్లాడుకోలేదు. బ్లాక్‌చెయిన్ చాలావరకు బహిరంగ పుస్తకం. దానిలో పేర్లుండవు, చిరునామా అంకెలుంటాయి. కానీ ఒక్కసారి ఆ అంకె ఫలానా ఆమెదని తెలిసిందంటే, వెనక జరిగిన చెల్లింపులన్నీ తెరిచిన పుస్తకమే. గృహహింస నించి బయటపడదామనుకునే స్త్రీ మొదట చేసేది ఏమిటి? నాలుగు డబ్బులు పక్కన పెట్టుకోవటం, బస్సు టిక్కెట్టు కొనటం, ఒక వకీలుకో డాక్టరుకో ఫీజు కట్టటం. మా దగ్గరికొచ్చిన ఒకామె బియ్యం డబ్బాలో ఎనిమిది నెలలు దాచిన నోట్లతో రైలెక్కింది. ఆ నోట్లకి రికార్డు లేకపోవటమే ఆమెని కాపాడింది. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసని కూడా హింసగానే గుర్తించింది. భార్య ఖర్చుల చిట్టా ప్రతి రాత్రీ అడిగే మగవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. ఇంటి ఏజెంటు ఒకటి ఉండి, ఆమె కట్టిన ప్రతిదీ దాంట్లో నమోదై, దాని పెత్తనం ఆయన చేతిలో ఉంటే, ఆ చిట్టా అడగక్కర్లేకుండానే ఆయన ముందు ఉంటుంది.

దీనికి కూడా మా చెల్లెలి దగ్గర జవాబుంది. వివరాలు పుస్తకంలో పెట్టరట. వాటి వేలిముద్ర మటుకే పెడతారట. వివరాలు చూపించకుండానే "ఈమె హద్దు దాటలేదు" అని రుజువు చేసే గణితం కూడా ఉందట. సంతోషం. అయితే ఆ అసలు వివరాలు ఎవరి బీరువాలో ఉంటాయి? కంపెనీ బీరువాలో. వాళ్ళు రేపు వాటిని పారేస్తే, వేలిముద్ర మిగులుతుంది గానీ అది ఏ కాగితానిదో చెప్పే కాగితం మిగలదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దిద్దించుకునే హక్కు, తొలగింపజేసుకునే హక్కు ఇస్తానంటోంది. చెరపలేని పుస్తకానికీ ఆ హక్కుకీ పొత్తు ఎలా కుదురుస్తారో స్త్రీల సంఘాలు ఇప్పుడే అడగాలి. తర్వాత అడిగితే "పద్ధతి అంతే" అంటారు.

చెల్లింపుల లెక్క గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువమంది కొనేవాళ్ళ వైపునించే మాట్లాడుతున్నారు. డబ్బు అందుకునే చివరి చెయ్యి మాటేమిటి? రేపు ఒక ఏజెంటు ఇంటికి వంటమనిషినో, బ్యూటీ పనివాళ్ళనో, సరుకులు తెచ్చే అమ్మాయినో పిలిపిస్తుంది, 600 రూపాయలు కంపెనీకి కడుతుంది. బ్లాక్‌చెయిన్ మీద ఆ 600 పక్కాగా ఉంటుంది. ఎండలో బండి మీద వచ్చిన ఆమెకి అందులో ఎంత చేరింది? ఆ సంగతి కంపెనీ గోడ లోపల ఆగిపోతుంది.

ఈ ప్రశ్నకి ఒక మంచి జవాబు రాజస్థాన్ నించే వచ్చింది, అదీ మస్టరు రోళ్ళు చదివిన సంఘాలవాళ్ళ పట్టుదల వల్ల. 2023లో చేసిన ప్లాట్‌ఫాం కార్మికుల చట్టంలో, యాప్ మీద జరిగే ప్రతి లావాదేవీలో కార్మికులకి చెల్లించింది ఎంత, సంక్షేమ నిధికి పట్టింది ఎంత అన్నది ప్రభుత్వం నడిపే ఒక కేంద్ర లావాదేవీల సమాచార వ్యవస్థలో నమోదు కావాలన్నారు. కర్ణాటక కూడా 2025లో చేసిన చట్టంలో చెల్లింపులని సరిచూసే వ్యవస్థ పెట్టింది. యంత్రాల చెల్లింపులకి చెరపలేని లెక్క పెట్టగలిగినవాళ్ళు, ఆ లెక్కని ఇంకొక్క అడుగు ముందుకి, పని చేసిన మనిషి చేతి దాకా తీసుకెళ్ళలేరా? తీసుకెళ్ళలేకపోవటానికి గణితం అడ్డం రాదు. కమీషను ఎంతో బయటపడుతుందనేదే అడ్డం.

నేను కోరేది పెద్దదేమీ కాదు. యంత్రానికి అధికారం ఇచ్చిన పత్రం ఆమె భాషలో ఉండాలి, ఆమె చేతికి రావాలి. ఎంతవరకు, ఎన్నాళ్ళు, దేనికి అన్నది అందులో రాసి ఉండాలి. నెలనెలా పట్టే చెల్లింపులకి కనీసం 24 గంటల ముందు కబురు చెప్పాలని 2019లోనే రిజర్వు బ్యాంకు అంది. ఆ కబురు ఇంగ్లీషు మెసేజిగా కొడుకు చేతిలో ఉన్న ఫోనుకి వెళుతోంది. బ్యాంకుకి నడిచెళ్ళి నోటితో చెప్పినా ఆ అధికారం రద్దు కావాలి. ఎదురు పద్దు వేయించుకోవటానికి మన మండలంలో ఒక బల్ల, ఒక కుర్చీ, వినే మనిషి ఉండాలి. రికార్డు పక్కాగా ఉన్నంత మాత్రాన రుజువు భారం బ్యాంకు మీదనించి ఆమె మీదికి జారకూడదని చట్టంలో రాయాలి. ఇందులో ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యమని నేననుకుంటున్నాను. దీని మీద మన పాఠకుల్లో వేరే అభిప్రాయాలుంటే రాయండి.

వదిన సంగతి చెప్పలేదు గదా. బ్యాంకుకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాం, ఆ ఒప్పుకున్న రికార్డు నకలు ఇమ్మని. మూడు వారాలకి ఒక కాగితం ఇచ్చారు. అంతా ఇంగ్లీషు, ఒక పొడుగాటి అంకె, తేదీ, రాత్రి 11 గంటల 42 నిమిషాలు. నేను చదివి చెబుతుంటే వదిన తేదీ దగ్గర ఆపింది. లోపలికెళ్ళి తన కొలతల నోటుపుస్తకం తెచ్చింది. కొలతలు, ఇవ్వాల్సిన తేదీలు, కూలి అన్నీ పెన్సిలుతో రాసుకునే పుస్తకం. ఆ తేదీకి అటూ ఇటూ నాలుగు రోజులు ఖాళీ. పక్కన "కావలి, చెల్లెలి కూతురి ఓణీలు" అని ఉంది. "ఫోను ఇంట్లోనే ఉంది వదినా, నేను తీసకెళ్ళలా. దారిలో పోద్దని మీ అన్నయ్య వద్దన్నాడు" అంది.

డబ్బు ఇవ్వటం కుదరదని బ్యాంకు చెప్పాక రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు రాశాం. దానికి ఆ నోటుపుస్తకం పేజీ కూడా జత చెయ్యాలని వదినే పట్టుబట్టింది. పెన్సిలు రాత చెల్లుతుందో లేదోనని నేను కొంచెం సంకోచించాను. ఆమె వినలేదు. జిరాక్సుకి రెండు రూపాయలయింది. ఆ రెండు రూపాయలకీ షాపువాడి చేత చీటీ రాయించుకుని పాసుపుస్తకంలో పెట్టుకుంది.